దూరం ముందు, దగ్గర తరువాత

కోటిలింగాల రేవులో బోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, వెనక చేరినవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "పడవ ఎప్పుడేస్తారండీ?" పడవ అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. ఆయిల్ రంగుల్లో అయితే పడవనే ముందు వేసుకుని, దాని చుట్టూ నీళ్లూ ఆకాశం తరువాత పెట్టుకోవచ్చు. నచ్చకపోతే గీకేసి మళ్లీ వేయొచ్చు. నీటిరంగుల్లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ తెలుపంటే కాగితమే. లేత రంగు మీద ముదురు నిలుస్తుంది గాని ముదురు మీద లేత నిలవదు. అందుకే పని ఎప్పుడూ లేత నుంచి ముదురుకే నడుస్తుంది. గోదావరి వైపు ఒకసారి చూడండి. అన్నిటికంటే లేతది అంచున ఆకాశం, తరువాత అవతల కొవ్వూరు గట్టు, ఆ తరువాత మధ్యలో లంక, అన్నిటికంటే ముదురు మన కాళ్ల దగ్గర కట్టేసిన పడవ. రంగు ఏ వరసలో పడాలో దూరం కూడా అదే వరసలో పరుచుకుని ఉంది. ప్రకృతి దృశ్యానికి నీటిరంగులంత బాగా ఒదిగే మాధ్యమం ఇంకొకటి లేదని నేననడానికి కారణం ఇదే.

రాజమండ్రిలో బొమ్మలు వేయడం, నేర్పడం, ఈ రెండే నా బతుకుతెరువు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది, "బొమ్మలో లోతు ఎలా తేవాలి మేడం?" అని. వాళ్ల దగ్గర అప్పటికే ఒక జవాబు ఉంటుంది: దూరంగా ఉన్నవి చిన్నగా, లేతగా, నీలంగా వెయ్యాలి. అదేం తప్పు మాట కాదు. కాని దాన్ని పట్టుకుని వేసిన కొండలు చాలాసార్లు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన అట్టముక్కల్లా ఉంటాయి. ఒక్కో కొండకు ఒక్కో రంగు, చుట్టూ కత్తిరించినట్టు అంచు. కొండలన్నీ ఉంటాయి, కొండకీ కొండకీ మధ్య ఉండాల్సిన గాలే ఉండదు.

నేను నేర్పేది ఆ గాలిని వెయ్యడం. దూరపు కొండకూ మన కంటికీ మధ్య మైళ్ల కొద్దీ గాలి ఉంది. దాని మీద ఎండ పడుతోంది, అది వెలుగుతోంది. గాలి అణువులు ఎర్ర కాంతి కన్నా నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయని 19వ శతాబ్దంలో లార్డ్ రేలీ లెక్కగట్టి చూపించాడు. ఆకాశం నీలంగా ఉండటానికీ దూరపు కొండ నీలంగా ఉండటానికీ కారణం ఒకటే. ఆ చెదిరిన వెలుగు కొండ మీద పలచటి పొరలా పరుచుకుంటుంది. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఉంది. పొర కప్పినప్పుడు ఎక్కువగా మారేది చీకటి, వెలుగు కాదు. దగ్గరి చింతచెట్టు కింద నీడ దాదాపు నలుపు. అదే చెట్టు రెండు మైళ్ల అవతల ఉంటే నీడ నీలిబూడిద అయిపోతుంది, ఎండ పడిన ఆకులు మాత్రం కాస్తే మారతాయి. ఇంకా దూరం పోతే నీడకీ ఎండకీ తేడాయే ఉండదు, చెట్టంతా ఒకే రంగు. కాబట్టి దూరాన్ని లేతగా వెయ్యమని చెప్పను. దూరంలోంచి ముదురు తీసెయ్యమంటాను. రెండూ ఒకటే అనిపిస్తుంది గాని, కుంచె పట్టుకున్నాక ఫలితాలు వేరు. మొదటి మాట విన్నవాళ్లు రంగులో నీళ్లు కలిపి వివరాలన్నీ అలాగే వేస్తారు. రెండో మాట విన్నవాళ్లు కొండ మీది చెట్లను వదిలేస్తారు.

తెల్లవాటి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. దూరంగా అంచుకు దగ్గర ఉన్న తెల్లమబ్బు నీలంగా ఉండదు, లేత పసుపుగా, ఒక్కోసారి నారింజ ఛాయలో ఉంటుంది. దాని నుంచి మన దాకా వచ్చే వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోయింది మరి. అందుకే ఆకాశం వేసేటప్పుడు అంచు దగ్గర బాగా పలచన చేసిన రా సియన్నా పెట్టి, పైకి పోనుపోను కోబాల్ట్ నీలం పెంచుతాను. పైనుంచి కింది దాకా ఒకే నీలం పూసిన ఆకాశం గోడలా నిలబడుతుంది. కింద వెచ్చబడిన ఆకాశం వెనక్కి వాలుతుంది.

లియొనార్డో డావించి తన రాతల్లో భవనాల గురించి చెబుతూ, ఐదు రెట్లు దూరంగా చూపించాలనుకున్నదాన్ని ఐదు రెట్లు నీలంగా వెయ్యమంటాడు. ఇటలీ గాలికి అది సరిపోయి ఉండాలి. రోహిణీ కార్తెలో గోదావరి గట్టు మీద కూర్చుంటే ఆ సూత్రం పనికిరాదు. అప్పుడు గాలినిండా దుమ్ము. దుమ్ము రేణువు గాలి అణువు కన్నా ఎన్నో రెట్లు పెద్దది, అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. దూరం తెల్లబూడిద రంగుకు తిరుగుతుంది, నీలం కనిపించదు. ఆ రోజుల్లో వేసిన కొండకు అల్ట్రామెరైన్ పూస్తే అది ఏ ఊరి కొండో అయిపోతుంది. కార్తీకంలో పొద్దున్నే నీటి మీద మంచు లేచినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. కొండ పైభాగం స్పష్టంగా ఉండి అడుగు మాయమవుతుంది. శ్రావణంలో జోరువాన కురిసి వెలిశాక గాలి కడిగినట్టుంటుంది. కొండలు దగ్గరికి జరిగినట్టు, ముదురాకుపచ్చగా, మీది చెట్లు విడివిడిగా కనిపిస్తాయి. ఆ పూట దూరం చూపించడానికి గాలి సాయం చెయ్యదు. ఒకదాన్ని ఇంకొకటి కప్పడం, పరిమాణం తగ్గడం, ఈ రెండింటి మీదే ఆధారపడాలి. లోతుకు ఎప్పుడూ చెల్లే సూత్రం అంటూ లేదు, ఆ పూట గాలి ఎలా ఉందో చూడటమే ఉంది.

పాపికొండలు వెయ్యాలంటే కప్పడం గురించి బాగా తెలియాలి. పోలవరం దగ్గర అంత వెడల్పున్న నది అక్కడ రెండు కొండల వరసల మధ్య సన్నబడి మలుపులు తిరుగుతుంది. ఎడమ నుంచి ఒక కొండ వాలు నీళ్లలోకి దిగుతుంది, దాని వెనక కుడి నుంచి ఇంకొకటి, దాని వెనక మళ్లీ ఎడమ నుంచి. ఒక్కో వాలు వెనకదాని పాదాన్ని కప్పేస్తుంది. నది ఎటు పోతోందో కనిపించదు, కాని పోతోందని తెలుస్తుంది. ఆ మలుపుల్ని ఉన్నవున్నట్టు పెన్సిల్‌తో గీసుకుంటే సగం లోతు రంగు తెరవకముందే వచ్చేస్తుంది. నడుస్తున్న లాంచీ మీద బొమ్మ పూర్తి చెయ్యడం కుదరని పని. చిన్న పుస్తకంలో ఆకారాలు గీసి, ఒక్కో కొండలో ఒకటి నుంచి ఐదు దాకా అంకె రాసుకుంటాను. ఒకటి కాగితం తెలుపు, ఐదు నేను వెయ్యగలిగిన అతి ముదురు. రంగు పేరు పక్కన రాస్తే రాస్తాను, లేకపోతే లేదు. అంకె మాత్రం వదలను. రంగు కాస్త అటూఇటూ అయినా కన్ను ఒప్పుకుంటుంది, అంకె తప్పితే కొండ ముందుకొచ్చి మీద పడుతుంది.

ఒకసారి నన్ను పడవలో తీసుకెళ్లిన పెద్దాయన, నేను బయల్దేరడానికి ఆలస్యం చేస్తుంటే తొందరపెట్టాడు. "ఎండెక్కితే కొండలన్నీ ఒక్కటైపోతాయండి అమ్మగారూ, ఏది ముందరో ఏది వెనకో తెలీదండి" అన్నాడు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకన్నా సూటిగా దొరకదు. పొద్దున ఎండ పక్కనుంచి పడుతుంది కనుక ఒక్కో వాలుకీ వెలుగు వైపు, నీడ వైపు వేరుగా ఉంటాయి. కొండల మధ్య లోయల్లో తేమ ఇంకా నిలిచి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి నీడలు చెట్ల కిందికి ముడుచుకుపోతాయి, తేమ చెదిరిపోతుంది, వాలులన్నీ ఒకే పచ్చలో కలిసిపోతాయి.

ఇంటికొచ్చి అదే దృశ్యం వేసేటప్పుడు జరిగేది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే గాలి కాగితం మీదికి వచ్చేది ఇక్కడే. కాగితం 300 జీఎస్ఎం, నూరు శాతం నూలుది, కోల్డ్ ప్రెస్డ్. నూలు కాగితం ఖరీదే, అయినా నేర్చుకునేవాళ్లకి కూడా ఇదే కొనమంటాను. మామూలు డ్రాయింగ్ షీటు తడి పట్టి ఉంచదు, దాని మీద ఈ పని నేర్చుకోలేరు. 22 × 30 అంగుళాల ఇంపీరియల్ షీటును నాలుగు చేస్తే ఒక్కోటి 11 × 15 వస్తుంది, నేర్చుకోవడానికి అదే మంచి కొలత. నాలుగు వైపులా టేపు అంటించి, బోర్డు తల కింద ఇటుకముక్క పెట్టి వాలుగా ఉంచుతాను. ముందు పెద్ద కుంచెతో కాగితమంతా మంచినీళ్లు. అవి ఇంకుతుండగానే ఆకాశం రంగులు. ఇక ఆగి చూడాలి. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే మొదట అద్దంలా మెరుస్తుంది. అప్పుడు కొండ వేస్తే రంగు ఆకాశంలోకి పారిపోతుంది. కాసేపటికి మెరుపు తగ్గి పట్టుగుడ్డ నిగారింపులాంటిది మిగులుతుంది. అతి దూరపు కొండకు అదే అదును. కోబాల్ట్ నీలంలో లైట్ రెడ్ కొద్దిగా కలిపి, కుంచెలో నీళ్లు పిండేసి, కొండ శిఖరాన్ని ఒక్క గీతలో లాగితే అంచు మెత్తగా పరుచుకుని ఆగిపోతుంది. ఆ నిగారింపు కూడా పోయి కాగితం మసకబారాక తడి కుంచె తగిలిస్తే నీళ్లు ముందరి రంగును వెనక్కి తోసి, చుట్టూ చిరుగుల్లాంటి అంచులు కడతాయి. మేం దాన్ని కాలీఫ్లవర్ అంటాం.

రెండో కొండకు కాగితం పూర్తిగా ఆరాలి. చేతి వెనక వైపు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్టే. ఆరాక అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియన్నా కలిపి, నీలం వైపు మొగ్గేలా, శిఖరాన్ని ఈసారి గట్టి అంచుతో వేస్తాను. కిందికి లాగుతూ సగానికి వచ్చాక కుంచె కడిగేసి, ఒట్టి నీళ్లతో అదే రంగును కిందికి సాగదీస్తాను. కొండ పైన ముదురు, పాదం దగ్గర దాదాపు కాగితం తెలుపు. అది ఆరాక మూడో కొండ ముదురు శిఖరం, రెండో కొండ తెల్లటి పాదం మీద పడుతుంది. ఆ రెండింటి మధ్య, నేనేమీ వెయ్యని చోట, మంచు నిలబడుతుంది. చూసేవాళ్లు ఆ మంచు ఎలా వేశారని అడుగుతారు. తెల్లరంగు కలిపి పైన పూస్తే ఇది రాదు. తెల్లరంగు కాగితాన్ని మూసేస్తుంది, వెలుగు పైపొర దగ్గరే ఆగిపోతుంది. పారదర్శకమైన రంగులోంచి వెలుగు కాగితం దాకా పోయి తిరిగి వస్తుంది. ఈ విషయంలో నేను పట్టుదల మనిషిని. నా తరగతిలో చైనీస్ వైట్ డబ్బా తెరవనివ్వను.

అల్ట్రామెరైన్‌కు ఇంకో గుణముంది. దాని రేణువులు బరువైనవి, తడి కాగితం గుంటల్లో చేరి సన్నటి ఇసుకలా దిగుతాయి. ఆ గరుకు కంటికి దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. అందుకే మరీ దూరానికి కోబాల్ట్‌నే, అదీ బాగా పలచగా, వాడతాను. ఫ్తాలో నీలం కాగితానికి మరక పట్టించేస్తుంది. ఒకసారి పడితే తడి కుంచెతో ఎత్తి తీయడం కష్టం, కొండ పాదాల దగ్గర దాన్ని రానివ్వను. ఏ రంగైనా ఆరాక తడిమీద ఉన్నప్పటికన్నా లేతబడుతుంది. కలిపేటప్పుడే ఒక మెట్టు ముదురు పెట్టుకోవాలి. దూరపు కొండల విషయంలో ఆ మెట్టు దగ్గర చెయ్యి వణకడం సహజం. ఏళ్లు గడిచినా ఇప్పటికీ పక్కన చీటీ ముక్క మీద వేసి, ఆరబెట్టి చూసుకుని గాని కొండ మీదికి పోను.

లోతంటే కొండలూ మంచే కానక్కర్లేదు. 1900లో ప్రారంభమై 1997 దాకా రైళ్లు నడిచిన పాత హేవలాక్ వంతెన మాకు రోజూ కనిపించే పాఠం. నదిలోకి వరసగా పోయే స్తంభాలు దూరమయ్యేకొద్దీ పొట్టివవుతాయి, మధ్య సందులు ఇరుకవుతాయి. గట్టు మీద నిలబడి వంతెనకు దగ్గరగా ఏటవాలుగా చూస్తే, చివరి స్తంభాల మధ్య సందే కనిపించదు. గీతల లెక్క తెలిసిన పిల్లలు స్తంభాలన్నీ కచ్చితంగా గీసేస్తారు, కాని చివరి దాకా ఒకే ముదురులో. అప్పుడు గీత వెనక్కి పోతుంటే రంగు ముందుకు లాగుతుంది, బొమ్మ ఎటూ కదలదు. మొదటి మూడు స్తంభాలకు రాళ్ల వరసలు, నీడలు, నాచు చారికలు అన్నీ వెయ్యమంటాను. తరువాతి కొన్నిటికి వెలుగు వైపు, నీడ వైపు చాలు. మిగతావన్నీ కలిపి ఒకే పలచటి పూత. లెక్కపెట్టి చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

చైనాలో 11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ దూరాలు మూడు రకాలన్నాడు: కొండ కింద నిలబడి శిఖరం వైపు పైకి చూసే దూరం, ముందున్న కొండ మీదుగా వెనకదాని లోపలికి చూసే దూరం, దగ్గరి కొండ నుంచి ఎక్కడో ఉన్న కొండల వైపు సమంగా చూసే దూరం. ఆయన 1072లో వేసిన 'తొలి వసంతం' తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మూడు దూరాలూ ఆ ఒక్క బొమ్మలోనే చూడొచ్చు. ఈ విభజన నాకు పనిలో అక్కరకొస్తుంది. పాపికొండల్లో పేరంటాలపల్లి దగ్గర పడవలోంచి చూస్తే దొరికేది మొదటి దూరం, అక్కడ కాగితం నిలువుగా పెట్టాలి. రాజమండ్రి గట్టు నుంచి దొరికేది మూడోది, కాగితం అడ్డంగా. అరకు వెళ్లే దారిలో అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఆగితే రెండోది, లోయల వెనక లోయలు. ఏ దూరం కోసం కూర్చున్నామో ముందే తేల్చుకోకపోతే కళ్లు అన్నిటినీ అడుగుతాయి, కాగితం ఏదీ ఇవ్వలేదు.

మన దగ్గరి వారసత్వం కూడా చిన్నదేం కాదు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల పనితీరు చూసి, అవనీంద్రనాథ్ టాగూర్ వాష్ పద్ధతిని పెంచాడు. రంగు వేసి ఆరబెట్టి, కాగితాన్ని నీళ్లలో తడిపి, మళ్లీ రంగు వేసి, మళ్లీ తడపడం. అలా చేస్తే వదులుగా ఉన్న రంగు పోయి, మిగిలింది కాగితంలో దిగి, బొమ్మ మొత్తానికి ఒకే పొగమంచు పడుతుంది. ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించడంతో ఆ పద్ధతి మన జిల్లాలకూ వచ్చింది. మా ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు ఉండేవాడు. 1897లో పుట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయాడు. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్‌లో చదవడానికి దారి చూపాడు. రామారావు పేరిట గ్యాలరీ మా ఊళ్లోనే ఉంది. కొత్త బ్యాచ్ ఏది మొదలైనా ముందు అక్కడికే తీసుకెళ్తాను. అచ్చు బొమ్మలు చూసి నేర్చుకున్న కన్నుకు, అసలు కాగితం మీద రంగు ఎంత పలచగా ఉంటుందో ఎదురుగా చూస్తే గాని నమ్మకం కలగదు.

ఫోను ఫొటో పెట్టుకుని వేసే బొమ్మల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇప్పటి ఫోన్లు తీసిన ఫొటోను తమంతట తామే సరిదిద్దుతాయి. మసకను తగ్గించి, నీడల్ని వెలిగించి, దూరపు కొండకు కూడా పదును పెడతాయి. పర్యాటకుడికి అది బాగుంటుంది. బొమ్మ వేసేవాళ్లకు మాత్రం, ఏ గాలి కోసం ఇంత అవస్థ పడుతున్నారో దాన్నే తుడిచేసి ఇచ్చినట్టు. ఫొటో ఆకారాల కోసం పెట్టుకోండి, ముదురు లేతల అంకెలు మాత్రం అక్కడే, కళ్లతో చూసి రాసుకోండి అంటాను. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి మచ్చలు మాత్రం మిగులుతాయి, అంకె తేలిగ్గా తెలుస్తుంది.

కొనేవాళ్లతో పేచీ వేరే రకం. ఒక హోటలు వాళ్లు పాపికొండల బొమ్మ అడిగి, తీసుకెళ్లాక కబురు చేశారు: వెనక కొండ సరిగ్గా కనబడటం లేదు, కాస్త ముదురు చేసి, చెట్లు కూడా పెట్టి ఇవ్వమని. డబ్బు అవసరమున్న నెల అది. అయినా చెయ్యనన్నాను. ఆ కొండ కనబడకపోవడం మీదే ముందున్న నది, లాంచీ, గట్టు అన్నీ నిలబడి ఉన్నాయి. దాన్ని ముదురు చేస్తే బొమ్మలో నుంచి రెండు మైళ్ల గాలి తీసేసినట్టే. బొమ్మ వెనక్కి వచ్చింది. తరువాత ఇంకొకరు ఆ వెనక కొండ కోసమే కొన్నారు.

ముందుభాగం గురించి కొద్దిగా. దూరం ఎంత బాగా వచ్చినా దగ్గర బలహీనంగా ఉంటే అది దూరంలా ఉండదు, వెలిసిపోయిన బొమ్మలా ఉంటుంది. బొమ్మలో అతి ముదురు, అతి పదునైన అంచు, అతి వెచ్చని రంగు, మూడూ దగ్గరే ఉండాలి, అదీ కొద్ది చోటులోనే. పడవ కింది నీడకు అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియన్నా నీళ్లు లేకుండా చిక్కగా కలుపుతాను. గట్టు మీద ఆరేసిన ఎర్రచీర ఒకటి చాలు, కొండలు ఇంకా వెనక్కి జరుగుతాయి. ఆ ముందుభాగమే పోయిన చోట్లూ ఉన్నాయి. పోలవరం కాఫర్ డ్యాం వచ్చాక నీళ్లు ఎగదన్ని దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. నా పాత పుస్తకాల్లో ముందుభాగంలో ఇళ్లూ మనుషులూ ఉన్నారు. ఇప్పుడు అక్కడికి పోతే వెనక కొండలు అవే, ముందు మాత్రం నీళ్లే. ఆ పాత గీతల్ని పెద్ద కాగితాల మీదికి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఇళ్ల గోడలు, అరుగులు, ఎవరి పాక పక్కన ఏ చెట్టుందో, అన్నీ పూర్తి వివరంగా వేస్తున్నాను. దూరానికి వివరం అక్కర్లేదు, వీటికి కావాలి.

నేర్చుకునేవాళ్లకు మొదటి నెలంతా ఒకే రంగు ఇస్తాను, పేన్స్ గ్రే. ఆ ఒక్కదానితోనే మూడు కొండలు, నీళ్లు, ఒక పడవ. నీలం అడిగితే ఇవ్వను. ఐదు అంకెలూ విడివిడిగా పలికాక, ఎదురు గోడకు ఆనించి పది అడుగుల దూరం నుంచి చూసినా కొండలు విడివిడిగా నిలబడ్డాక, అప్పుడు కోబాల్ట్ డబ్బా తీస్తాం. ఇప్పటి బ్యాచ్ ఆ దశకు వచ్చింది. ఆదివారం తెల్లారకముందే గౌతమీ ఘాట్‌కి రమ్మన్నాను. ఏడు దాటి వచ్చేవాళ్లకి ఆ రోజు పాఠం ఉండదని కూడా చెప్పాను.